వేగులవాడు నాయకుడైన విధము

మన ప్రాచీన వాఙ్మయమున వేగులవారు లేకపోలేదు. నాయకులు మాత్రము కారు. రాజునకు చారులే కన్నులని నీతిశాస్త్రములు చెప్పినవి. కౌటిల్యుని అర్థశాస్త్రము తాపసి వేషము వేయువానిని, వర్తకుని వేషము వేయువానిని, బిచ్చగత్తెయై యిల్లిల్లు తిరుగుదానిని వేరువేరుగ పేర్కొని, ఎవరిని ఏ పనికి నియోగింపవలయునో సవిస్తరముగ తెలిపినది. అయినను ఆ కన్నులకు పట్టాభిషేకము చేయవలయునని యెవరికిని తోచలేదు. విశాఖదత్తుని ముద్రారాక్షసములో నిపుణకుడు యమపటము చేతబట్టి, పాటలు పాడుచు చందనదాసు నింటికి పోయి, రాక్షసమంత్రి ముద్రికను చేజిక్కించుకొని వచ్చును. నాటకమంతయు ఆ యుంగరము మీదనే తిరుగును గాని, దానిని చాణక్యుని చేతిలో నుంచిన నిపుణకుని మనము త్వరలోనే మరచిపోదుము. మారువేషముతోను అబద్ధముతోను పని నెరవేర్చువాడు రాజ్యమున కెంత యుపకారియైనను, కథకు నాయకుడగుటకు తగడని పూర్వుల తలంపు కాబోలు.

ఈ తలంపును తారుమారు చేసినవారు ఇరువదవ శతాబ్దపు ఆరంభమునందలి ఆంగ్లేయ నవలాకారులు. వారు సృష్టించిన నాయకులు మన యిండ్లలోనికిని వచ్చియున్నారు. జేమ్స్ బాండు పేరు వినని బాలుడు మన పట్టణములలో అరుదు. 1966లో కృష్ణ నాయకుడుగా వచ్చిన ‘గూఢచారి 116’ చిత్రమును, పిమ్మట మధుబాబు వ్రాసిన షాడో నవలలును ఆ వంశమునకు చేరినవే. అపరాధ పరిశోధక నవలలవలె ఇవియు వట్టి కాలక్షేపపు గ్రంథములని త్రోసిపుచ్చుట పెద్దలకు వాడుక. నాకట్లు తోచదు. ఒక జాతి ఏ యబద్ధమును మెచ్చుకొనునో, ఏ హత్యను క్షమించునో తెలిసికొనుటకు దాని కాలక్షేపపు గ్రంథములే చక్కని సాక్ష్యము. పైగా ఈ నాయకుల యాకర్షణ యొక్కరీతిగ నిలువలేదు. 1915లో చదువరులకు ముద్దువచ్చిన వీరుడు 1963 నాటికి పాతబడెను. ఆయుధములు మారినవి, శత్రువులు మారిరి, అందుచే నాయకుడును మారెనని చెప్పుట సులభము. నా యభిప్రాయమున మారినది ముఖ్యముగ ఒక్కటే: నాయకుడు తన యెదిరిని చూచు చూపు. ఆ చూపును తూచుటకు మనబోటి చదువరులకు ఇంగ్లండువారికి లేని యొక యవకాశమున్నది. ఈ కథలలో కొన్నిట ఆ యెదిరి మనవాడే.

ఈ జాతి నవలలలో తొలినాటి వానియందు ముందు చెప్పదగినది ఎర్స్కిన్ చిల్డర్సు 1903లో ప్రకటించిన ‘ది రిడిల్ ఆఫ్ ది సాండ్స్’. ఇరువురు యువకులు చిన్న పడవలో జర్మనీ యుత్తరతీరమున ఫ్రీజియను దీవుల నడుమ, ఆటుపోటులకు మునిగి తేలు ఇసుకతిన్నెలలో తిరుగుచు, ఇంగ్లండుపై దండెత్తుటకు జరుగుచున్న సన్నాహమును కనిపెట్టుదురు. గ్రంథము నిండ ఆటుపోటుల లెక్కలు, సముద్రపటములు. అయినను విసుగు పుట్టదు. పడవ నడుపుట యెరిగినవాని నిదానము ఆ వచనములో నున్నది. ఆ యువకులు వృత్తిచే వేగులవారు కారు. తాము చేయుచున్నది వేగుపనియని తలచుకొన్నప్పుడు వారికి మనసు చివుక్కుమనును. తాము వెంబడించు ద్రోహి కుమార్తెను వారిలో నొకడు ప్రేమించుటచే ఆ బాధ రెట్టింపగును. దేశముకొరకే ఈ కపటమను సమాధానము వారికి చాలదు. తొలి కథలలోనే ఇట్టి సంకోచముండుట గమనింపదగినది. ఇంగ్లండును మేలుకొల్పుటకు ఈ కథ వ్రాసిన చిల్డర్సే 1914లో తన పడవలో ఐర్లండు జాతీయవాదులకు తుపాకులు చేరవేసెను. 1922లో ఐర్లండు అంతర్యుద్ధమున, ఆ దేశపు క్రొత్త ప్రభుత్వముచేతనే కాల్చి చంపబడెను. ఆయన నాయకు లెవరికిని ఇంత చిక్కుబడిన జీవితము లేదు.

విలియం లెక్యూ వంటివారు ఆ సంకోచమును గాలికి వదలిరి. 1906లో ‘డెయిలీ మెయిల్’ పత్రికలో వెలువడిన ఆయన దండయాత్ర కథయు, 1909 నాటి కైజరు వేగులవారి కథయు ఇంగ్లండులోని జర్మను పరిచారకులను, క్షురకులను సైతము అనుమానించుటకు జనులను పురికొల్పినవి. 1909లోనే బ్రిటిషు ప్రభుత్వము రహస్యశాఖను స్థాపించెను. ఇట్టి కథలు రేపిన భయము ఆ శాఖ పుట్టుకకు తోడ్పడెనని చరిత్రకారులు చెప్పుదురు. కథ శాఖను పుట్టించినది. శాఖ మరల కథలను పుట్టించినది.

మొదటి మహాయుద్ధము నడుమ, 1915లో, జాన్ బకను ‘ది థర్టీనైన్ స్టెప్స్’ ప్రకటించెను. జబ్బుపడి మంచము పట్టిన దినములలో కాలక్షేపమునకై వ్రాసిన పుస్తకమది. దక్షిణాఫ్రికాలో గనుల పనిచేసి, ధనము కూడబెట్టుకొని లండనునకు వచ్చి, ఏమియు తోచక విసిగియున్న రిచర్డు హానే ఇంటిలో ఒక మనుష్యుడు హత్య గావింపబడును. నేరము హానేమీద పడును. ఒకవైపు పోలీసులు, ఒకవైపు శత్రువులు తరుముచుండ, అతడు స్కాట్లండు కొండబయళ్లలో పరుగులెత్తును. కందకములలోని సైనికులు ఈ పుస్తకమును ప్రీతితో చదివిరి. వారి ప్రీతికి కారణము ఊహింపవచ్చును. తమ యుద్ధములో ఫిరంగి ఎక్కడినుండి పేలునో, ఎవడు చచ్చునో తెలియదు. ఇచ్చట ఒక్క మనుష్యుని కాలిబలము, సమయస్ఫూర్తి లోకమును రక్షించును. హానేకు అదృష్టము మితిమీరి తోడ్పడును. తలుపు తట్టినచోట మిత్రుడో శత్రువో సరిగా కావలసినవాడే యుండును. ఇది లోపమే గాని, పరుగెత్తుచు చదువువానికి కనబడదు.

హానే యాకర్షణలో నేడును నిలిచినది ఆ పరుగొక్కటే కాదు. చివరి ఘట్టమున ముగ్గురు శత్రువులు సముద్రతీరపు బంగళాలో సామాన్య ఆంగ్ల గృహస్థులవలె కూర్చుండి చీట్లాడుచుందురు. వారి మర్యాద, వారి హాస్యము, వారి యిల్లు చూచి హానేకు తాను పొరబడితినేమోయను సందేహము కలుగును. వారిలో నొకడు మోకాలిమీద వ్రేళ్లతో తాళము వేయుటతో గుట్టు బయటపడును. శత్రువు మనవలెనే యుండునను భయము ఆ ఘట్టమున పలికినది. మనవలెనే యున్నవాడు మనవంటి మనుష్యుడే యను తలపు మాత్రము పలుకలేదు. హత్యకు గురియైన స్కడరు గ్రంథారంభమున లోకమందలి కుట్రలన్నిటికి యూదులే మూలమని వదరును. తరువాత ఒక పెద్దమనిషి అది స్కడరునకున్న పిచ్చియని త్రోసివేయును గాని, ఆ మాటలు చదువరి చెవిలో ముందే పడియుండును. 1945 తరువాత, జర్మనీ యూదులకు చేసినది లోకమునకు తెలిసిన తరువాత, ఆ పుటలను పూర్వపు నిర్లక్ష్యముతో చదువుట సాధ్యము కాదు.

బకనుకంటె ముందే, 1901లో, రడ్యార్డు కిప్లింగు ‘కిమ్’ వ్రాసెను. కథ మన దేశముననే నడచును గనుక దీనిని వేరుగ చెప్పుకొనవలెను. లాహోరు వీథులలో పెరిగిన ఐరిషు సైనికుని యనాథబాలుడు కిమ్, పాపములను కడుగు నదిని వెదకు లామాకు శిష్యుడగును. అదే సమయమున బ్రిటిషువారి రహస్యశాఖకు పనివాడగును. వీథుల సందడి, గ్రాండ్ ట్రంకు రోడ్డుపై జనప్రవాహము, లామా నిర్మలత్వము, వీనిని వర్ణించుటలో కిప్లింగునకు సాటి తక్కువ. కాని హరీబాబును చూడుడు. హిమాలయములలో రష్యను, ఫ్రెంచి వేగులవారికి దారి చూపువానివలె నటించి, వారి కాగితములు కాజేయుటకు తోడ్పడిన ధీరు డాతడే. లండను రాయల్ సొసైటీ సభ్యత్వము తనకు కావలెనని కలలు గనుచు, తాను పిరికివాడనని పదేపదే చెప్పుకొనువాడుగా రచయిత ఆతనిని చిత్రించెను. ధైర్యము బాబుది, నవ్వు దొరలది. ఇట్టివారు నిజముగ నుండిరి. సర్వే శాఖ పంపిన నైన్ సింగు 1865-66లో జపమాలలో నూట యెనిమిదికి బదులు నూరు పూసలుంచుకొని, అడుగులు లెక్కించుచు టిబెట్టు రాజధానివరకు నడచెను. ఆంగ్ల బాలుడు ‘కిమ్’ చదివి తాను కిమ్మునని భావించుకొనును. మన బాలుడు తానెవరని భావించుకొనవలెను? ఈ ప్రశ్న గ్రంథమును తగులబెట్టుటకు చాలదు. కాని చదివినంతసేపు వదలదు.

ఇక సోమర్సెటు మామ్. 1928లో వెలువడిన ఆయన ‘ఆషెండెన్’ కథలతో ఈ సాహిత్యము మలుపు తిరిగినది. మామ్ మొదటి యుద్ధకాలమున స్విట్జర్లండులోను, 1917లో రష్యాలోను స్వయముగ రహస్యశాఖ పని చేసెను. ఆషెండెనును ఆయనవలెనే రచయిత. అతడు పరుగెత్తడు, కొండలెక్కడు. హోటలులో కూర్చుండును, స్నానము చేయును, ఉత్తరము కొరకు వేచియుండును. తాను పెద్దయంత్రములో చిన్న మర యని, యంత్రము చేయు పని తనకెన్నడును పూర్తిగ తెలియదని యెరుగును. ఒక కథలో పత్రములతో వచ్చు గ్రీకువానిని చంపుటకు ఒక కిరాయి హంతకుని వెంట అతడు ఇటలీకి పోవును. హత్య జరిగిన పిమ్మట తంతి వచ్చును: ఆ గ్రీకువాడు జబ్బుచే ఓడయే యెక్కలేదట. చచ్చినవాడు వేరొకడు. కథ అచ్చటనే ముగియును. చచ్చిన యమాయకుని గురించి మామ్ ఒక్క కన్నీటిచుక్కయైన రాల్చడు. ఆ మౌనమే చదువరికి నిద్రపట్టనీయదు.

ఈ సంపుటిలో మనము తప్పక చదువదగినది ‘జూలియా లజారీ’ యను కథ. చంద్రలాల్ అను భారతీయ విప్లవకారుడు యుద్ధకాలమున ఐరోపాలో నుండి బ్రిటిషు ప్రభుత్వమునకు వ్యతిరేకముగ పనిచేయుచున్నాడు. తటస్థదేశమైన స్విట్జర్లండులో నున్నంతకాలము ఆతనిని పట్టుటకు వీలులేదు. ఆతడొక నాట్యకత్తెను ప్రేమించెను. బ్రిటిషువారు ఆమెను నిర్బంధించి, చెరసాల భయము చూపి, సరస్సునకు ఫ్రాన్సు వైపుననున్న తొనోన్ పట్టణమున నుంచి, ఆతనిని రమ్మని ఉత్తరములు వ్రాయింతురు. ఉత్తరములలోని మాటలు ఆషెండెనువి, చేవ్రాత ఆమెది. అవి వ్రాయునపుడామె నేలబడి యేడ్చును, బ్రతిమాలును. ఆషెండెనునకు కడుపులో దేవినట్లుండును. అయినను తరువాతి వాక్యము చెప్పును. చంద్రలాల్ చివరకు ప్రేమ వలన సరస్సు దాటి వచ్చును. రేవులో పట్టుబడగానే విషము మ్రింగి ప్రాణము విడుచును.

కథారంభమున ఆషెండెను తన పై యధికారితో చంద్రలాలును గూర్చి మాటలాడును. ఒంటరిగ నొక సామ్రాజ్యము నెదిరించు సాహసికుని చూచి మెచ్చుకొనకుండ నుండలేమను భావమాతని నోట వెలువడును. అట్టి మెత్తదనము పనికిరాదని యధికారి మందలించును. చిన్న సంభాషణమే గాని, ఈ జాతి సాహిత్యమున ఇది గొప్ప సంఘటన యని నా తలంపు. వేగులవాడు తన యెదిరి పక్షమునను న్యాయముండవచ్చునని తలచెను; తలచియు తన పని మానలేదు. ఇంతవరకు శత్రువు నీచుడగుటచే నాయకుడు గొప్పవాడగుచుండెను. ఇకమీదట శత్రువు గొప్పవాడైనకొలది నాయకుడు తన్ను తాను సహింపలేని స్థితికి వచ్చును.

చంద్రలాలునకు మూలము వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడని విమర్శకులు పలువురు చెప్పుదురు. ఆయన 1880లో హైదరాబాదులో జన్మించెను. నిజాము కళాశాల పెద్దయైన అఘోరనాథుని కుమారుడు. సరోజినీ నాయుడునకు తమ్ముడు. కావున హైదరాబాదులో ఈ కథ చదువువాడు లండనులో చదువువానివలె చదువలేడు. ఆషెండెను విజయము పొందునా యని లండను చదువరి యూపిరి బిగబట్టును. మనము ఉత్తరము చేరకుండునా యని యూపిరి బిగబట్టుదుము. ఒకే వాక్యము, రెండు దిక్కుల నుండి రెండు భయములు. మామ్ మనకొరకు వ్రాయలేదు. అయినను మన చూపునకు చోటు విడిచెను. కిప్లింగు ఆ చోటు విడువలేదు.

ఆషెండెను వేసిన బాటలో ఎరిక్ ఆంబ్లరు నడచెను. 1938 నాటి ఆయన ‘ఎపిటాఫ్ ఫర్ ఎ స్పై’లో నాయకుడు ఏ దేశమునకును చెందని భాషాబోధకుడు, పోలీసులు దేశమునుండి వెడలగొట్టుదుమని బెదరించి వానిచే వేగుపని చేయింతురు. పౌరసత్వపు కాగితము లేనివాని దైన్యమును అంత దగ్గరగ చూపిన కాలక్షేపపు నవలలు తక్కువ. గ్రాహం గ్రీన్ 1958లో ‘అవర్ మాన్ ఇన్ హవానా’ వ్రాసి, దుమ్ముపీల్చు యంత్రములు అమ్ముకొను వర్తకుడు ఆ యంత్రపు భాగముల బొమ్మలనే శత్రువుల యాయుధములని పంపి లండను పెద్దలను నమ్మించినట్లు చెప్పి, శాఖనంతయు నవ్వులపాలు చేసెను.

కాని లోకము వలచినది ఆషెండెనును కాదు, బాండును. 1953లో ఇయాన్ ఫ్లెమింగు ‘కసీనో రాయల్’ ప్రకటించునాటికి ఇంగ్లండులో యుద్ధకాలపు రేషను పూర్తిగ తొలగలేదు. మాంసముపై నిర్బంధము 1954 వరకు నుండెను. అట్టి దినములలో బాండు అవొకాడో పండు తెప్పించుకొని తినుట, ఇన్ని పాళ్లు ఇది యిన్ని పాళ్లు అదియని లెక్కచెప్పి పానీయము కలిపించుకొనుట చదువరుల కెట్లు తోచియుండునో యూహింపుడు. ఆకలిగొన్నవానికి వంటశాస్త్రము కావ్యముకంటె రుచించును. అంతకు మించిన ఆకలి యింకొకటి. సామ్రాజ్యము చేజారుచుండెను. 1956లో సూయజు వ్యవహారమున తలవంపులు తెచ్చుకొన్న ప్రధానమంత్రి ఈడెను ఆరోగ్యము చెడి విశ్రాంతికొరకు జమైకాకు పోయి ఉన్నది ఫ్లెమింగు ఇంటిలోనే. లోకమున నోడిన ప్రభువునకు, లోకము నేలు వేగులవానిని కల్పించిన ఇంట నీడ దొరకినది! ఇట్టి సంఘటనను నవలలో పెట్టిన, మరీ యతికినట్లున్నదని విమర్శకులు దెప్పుదురు.

బాండును మూర్ఖుడని తేలికగ చూచుట తగదు. మొదటి నవలలో ఆతడు హింసలు పడి ఆసుపత్రిలో నున్నపుడు, వీరుడెవడు దుష్టుడెవడను సందేహము వచ్చి ఉద్యోగము మానుకొనెదనని మిత్రునితో చెప్పును. నీవు మనుష్యుడవు కావద్దు, చక్కని యంత్రమును మేము పోగొట్టుకొందుమని ఆ మిత్రుడు పరిహాసమాడును. ఫ్లెమింగు తలుపు తెరచెను; లోపలికి తొంగిచూచెను; గట్టిగ మూసెను. ఆ మూసిన తలుపుమీదనే తరువాతి గ్రంథములన్నియు నిలిచినవి. వెస్పరు అను స్త్రీ తన ప్రియుని శత్రువులు చెరపట్టుటచే వారికి లొంగి, పిమ్మట బాండును ప్రేమించి, ఇరువురను వంచింపజాలక నిద్రమాత్రలు మ్రింగి ప్రాణము విడుచును. ఆ పుస్తకమున ధర్మసంకటమును నిజముగ ననుభవించినది ఆమెయొక్కతె. బాండు ఆమె మరణమును పై యధికారులకు తెలుపు మాట యొక తిట్టు. 1954 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’ మొదలుగాగల గ్రంథములలో నల్లజాతివారిని గూర్చిన రోతపదములను 2023లో వెలువడిన క్రొత్త ముద్రణములలో కొన్నిట మార్చిరి. ఈ శుద్ధి నాకు నచ్చలేదు. మాటలు తుడిచిన చూపు మారదు. ఆనాటి జనులు దేనిని మెచ్చుకొనిరో తెలుపు సాక్ష్యము మాత్రము చెడిపోవును.

బెర్లినులో గోడ లేచినది 1961లో. 1963లో జాన్ లెకారె ‘ది స్పై హూ కేం ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’ వెలువడెను. ఈ రచయితయు రహస్యశాఖలో పనిచేసినవాడే; ఇది కలంపేరు. లీమాసు అను నడివయసు వేగులవాడు, తూర్పు జర్మనీ రహస్యశాఖలోని ముండ్టు అను క్రూరుని నాశనము చేయుటకు పోవుచున్నానని నమ్మి పోవును. తీరా చూడ, ముండ్టు బ్రిటిషువారి మనుష్యుడు. వానిని కాపాడుటకు, వానిని సరిగ ననుమానించిన ఫీడ్లరు అను యూదుని బలియిచ్చుటయే అసలు పన్నాగము. ముండ్టు పూర్వము నాజీ. ఫీడ్లరు తన సిద్ధాంతమును నిష్కపటముగ నమ్మినవాడు. మంచివాని చంపి చెడ్డవాని రక్షించుట మన పక్షమునకు లాభము, అందుచే చేసితిమి. బకను నాటి చదువరి ఈ వాక్యమును శత్రువు నోట విని మండిపడియుండును. ఇక్కడ అది తనవారి నోట వచ్చినది. లీమాసు వలన చిక్కులో పడిన లిజ్ గోల్డు గోడ యెక్కుచు తుపాకిదెబ్బకు కూలును. అవతలి వైపునకు దూకి బ్రతుకగలిగియు లీమాసు తిరిగి దిగి ఆమె ప్రక్కన చచ్చును.

ఇదే రచయిత సృష్టి స్మైలీ. లావైనవాడు, పొట్టివాడు, అతకని దుస్తులవాడు, భార్య విడిచిపోయినవాడు. బాండు నెదుట నుంచి చూచిన ఇతడు గుమాస్తావలె నుండును. 1963లో కిం ఫిల్బీ యను బ్రిటిషు రహస్యోద్యోగి మాస్కోకు పారిపోయి, ఎన్నో యేండ్లుగ తాను రష్యనుల మనుష్యుడనని రుజువు చేసికొన్న పిమ్మట, ఆంగ్లేయులకు కండలవీరునికంటె పాతకాగితములు ఓపికతో చదువువాడే కావలసివచ్చెను. 1974 నాటి ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’లో స్మైలీ చేయునది చాలవరకు ఆ చదువే. అందులో మన ఢిల్లీ చెరసాల యున్నది. 1950ల నడుమ అచ్చట రష్యను గూఢచారి కార్లాను స్మైలీ ప్రశ్నించును. కార్లా పెదవి విప్పడు. స్మైలీయే తన భార్య మాట, తన బాధ వెళ్లబోసికొని, ఆమె కానుకయైన సిగరెట్టు వెలిగించు లైటరును పోగొట్టుకొనును. 1979 నాటి ‘స్మైలీస్ పీపుల్’లో ఆ యప్పు తీరును. కార్లాకు మతి చలించిన కుమార్తె యొకతె స్విట్జర్లండు వైద్యాలయములో రహస్యముగ నున్నదని కనిపెట్టి, ఆ ప్రేమను పట్టుకొనియే స్మైలీ ఆతనిని లొంగదీయును. కార్లా వంతెన దాటి వచ్చి ఆ లైటరును నేల విడుచును. స్మైలీ దానిని తీసికొనడు.

ఇది చదివినపుడు నాకు ముద్రారాక్షసపు చివరి యంకము తోచినది. రాక్షసుడును చాణక్యునకు ప్రేమవలననే లొంగును. మిత్రుడైన చందనదాసు వధ్యస్థానమున నుండుట చూడలేక తన్ను తానప్పగించుకొనును. కాని చాణక్యుడు రాక్షసుని గుణమెరిగి, ఆతనికే మంత్రిపదవి యిచ్చి తాను తొలగిపోవును. శత్రువు నుత్తమత్వము నాటకమునకు ముగింపు నిచ్చినది. స్మైలీకి అట్టి ముగింపు దొరకలేదు. తాను కార్లా ప్రేమను ఆయుధముగ వాడెను, కార్లా పూర్వము తన ప్రేమను వాడినట్లే. గెలిచినవాడెవడని ఆతనికే తెలియదు. నెగ్గితివని మిత్రుడు చెప్పగా, నెగ్గితినే కాబోలునని యనుమానముగ పలుకును.

లెకారెను నేను మెచ్చుకొందును. అయినను ఒక యనుమానము వదలలేదు. హానే నిర్విచారముగ చేసినది స్మైలీ విచారముతో చేయును. చేయుట మానలేదు. దుఃఖించు వేగులవాడు నేటి విద్యావంతులకు ప్రియుడగుటకు కారణము, ఆ దుఃఖము మనకును కొంత చవుకగ దొరకుటయే కావచ్చును. నిట్టూర్పు విడిచితిమి గనుక పాపము తగ్గినదని పుస్తకము మూసి పడుకొందుము. ఇంకొకటి కూడ గమనింపుడు. నాయకుని మనసు ఎంత మారినను వెల చెల్లించినది తరచుగ స్త్రీయే. జూలియా చేవ్రాత, వెస్పరు మరణము, లిజ్ గోల్డు ప్రాణము, కార్లా కూతురి వెర్రి. వేగులవాని యాటలో పందెమొడ్డబడిన నాణెములివి. బకను నవలలో స్త్రీయే లేదనవచ్చును. 1935లో హిచ్‌కాక్ దానిని చలనచిత్రముగ తీయునపుడు నాయికను కల్పింపవలసివచ్చెను. స్త్రీలేని కథనుండి స్త్రీని బలియిచ్చు కథకు వచ్చుటను పురోగమనమందురా? కానీ ఆమె మనుష్యురాలని గుర్తించి బలియిచ్చుచున్నారు గదా యని సమాధానపడువారు పడవచ్చును.

1991లో సోవియటు రాజ్యము కూలిన పిమ్మట ఈ కథలకు కాలము చెల్లినదనుకొనిరి. చెల్లలేదు. 2010లో మిక్ హెరను ‘స్లో హార్సెస్’తో మొదలుపెట్టిన వరుసలో నాయకులు తప్పులుచేసి మూలకు త్రోయబడిన యుద్యోగులు, వారి పెద్ద మురికిబట్టలతో, బూతులతో కాలము గడుపువాడు. 2013లో ఎడ్వర్డు స్నోడెను అమెరికా ప్రభుత్వము కోట్లకొలది జనుల సంభాషణముల వివరములను యంత్రములచే పోగుచేయుచున్నదని బయటపెట్టిన తరువాత, ఒంటరిగ కోటు జేబులో చేతులు పెట్టుకొని తిరుగు వేగులవాడు మనకు కొంత పూర్వపరిచితునివలె, దాదాపు అమాయకునివలె కనబడుచున్నాడు. వానికి కనీసము మొగమున్నది.

మామ్ కథకు మరల వచ్చెదను. చంద్రలాల్ చనిపోయిన వార్త విని జూలియా యేడ్చి, పిమ్మట ఆషెండెను నొక్కటి యడుగును: కిందటి క్రిస్మసునకు తానాతనికి చేతిగడియారమొకటి యిచ్చితిననియు, అది పండ్రెండు పౌనులు పెట్టి కొన్నదనియు, తిరిగి యిప్పింపగలరా యనియు. చాలమంది దీనిని చదివి ఆమె ప్రేమ యింతేయని నవ్వుదురు. నాకు నవ్వు రాదు. నిర్బంధములో, పరదేశములో, రేపటి కూటికి దారిలేక నున్న స్త్రీ తనది తానడిగినది. ఆమె ప్రేమను పైసకు పైస వాడుకొన్నవారికి ఆ గడియారపు లెక్క రోతపుట్టించుట వింత.

నిజమైన వీరేంద్రనాథుడు ఏ రేవులోను విషము మ్రింగలేదు. యుద్ధము ముగిసిన తరువాతను ఐరోపాలోనే బ్రతికెను. బెర్లినులో అమెరికను రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీతో పలు వత్సరములు కాపురము చేసెను. నెహ్రూ ఆయనను కలిసికొని తన యాత్మకథలో వ్రాసెను. పిమ్మట సోవియటు రష్యాకు పోయి విద్యావిషయక సంస్థలో పనిచేసెను. బ్రిటిషు వేగులవారు ఇన్ని యేండ్లు వెంటబడి చేయలేని పనిని 1937లో, తాను నమ్మి శరణుజొచ్చిన రాజ్యపు రహస్య పోలీసులు చేసిరి; పట్టుకొని కాల్చి చంపిరి. చదువుకొనుటకు ఇంగ్లండు పోయినప్పుడు విడిచిన హైదరాబాదును ఆయన మరల చూడలేదు.